నాక్స్ తగ్గించే క్యాటలిస్ట్: శాతం చూసి కాదు, మీ ఇంజిన్ పొగ వేడి చూసి ఎంచుకోండి

భూపాలపల్లి గనుల నుంచి బొగ్గు మోసే లారీ, హన్మకొండ గల్లీల్లో ఆగి ఆగి వెళ్లే స్కూల్ బస్సు, జమ్మికుంట రైస్ మిల్లులో కరెంటు పోతేనే నడిచే జనరేటర్. ఈ మూడింటి పొగలోనూ నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. వాటినే పొట్టిగా నాక్స్ అంటాం. వాటిని హానిలేని నైట్రోజన్‌గా మార్చే దిమ్మే క్యాటలిస్ట్. కానీ మూడింటికీ ఒకే క్యాటలిస్ట్ పనికిరాదు. అమ్మేవాళ్లు చూపించే కాగితంలో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది: నాక్స్ తొంభై శాతానికి పైగా తగ్గుతుందని. ఆ మాట అబద్ధం కాదు. కాకపోతే ఎంత వేడి దగ్గర కొలిచారు, ఏ ఇంధనంతో కొలిచారు అన్నది తెలియకుండా ఆ అంకెతో మనకు పని జరగదు. బ్రాండు, ధర, వారంటీ అన్నీ చూడాల్సినవే. వాటికంటే ముందు మీ ఇంజిన్ రోజులో ఎక్కువసేపు పొగను ఎన్ని డిగ్రీల దగ్గర వదులుతుందో తెలుసుకోండి. ఎంపికలో సగం అక్కడే తేలిపోతుంది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. నల్లపొగ రావట్లేదు కాబట్టి బండి శుభ్రంగా ఉందని చాలామంది అనుకుంటారు. నాక్స్‌కూ నల్లపొగకూ సంబంధం లేదు. గాలిలో 78 శాతం నైట్రోజనే. మామూలుగా అది దేనితోనూ కలవకుండా ఊరికే ఉంటుంది. ఇంజిన్ లోపల మంట సుమారు 1,500 డిగ్రీలు దాటాక ఆక్సిజన్‌తో కలిసి నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. అంటే బాగా మండే ఇంజిన్‌లోనే నాక్స్ ఎక్కువ. బయటికి వచ్చాక అది నైట్రోజన్ డయాక్సైడ్ అయి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఎండ తగిలితే నేలమట్టంలో ఓజోన్ పుట్టిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చౌరస్తాలో రోజంతా నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్, రోడ్డు పక్కన మక్కకంకులు కాల్చి అమ్మే ఆమె ముందుగా పీల్చేది దాన్నే.

పెట్రోలు, సీఎన్‌జీ బండ్లు

ఇక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. త్రీ-వే క్యాటలిస్ట్ ఒక్కటే దారి. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. నాక్స్‌ను విడగొట్టే పని ముఖ్యంగా రోడియంది. దానికి ఒక షరతు ఉంది: గాలి, పెట్రోలు బరువులో 14.7కు 1 చొప్పున కలవాలి. పొగలో ఆక్సిజన్ మిగిలిందంటే నాక్స్ తగ్గదు. ఆ లెక్క తప్పకుండా చూసేది ఆక్సిజన్ సెన్సార్. అందుకే సెన్సార్ పోయిందని లైటు వెలిగితే నెలల తరబడి అలాగే నడపకండి. ప్లగ్గు సరిగ్గా కొట్టక పచ్చి పెట్రోలు క్యాటలిస్ట్‌లోకి వెళ్తే అది అక్కడే మండి, లోపలి పింగాణీ దిమ్మ కరిగిపోతుంది. మెకానిక్ క్యాటలిస్ట్ మార్చాలన్నప్పుడు అది ఎందుకు కరిగిందో కూడా అడగండి. కారణం సరిచేయకుండా కొత్తది పెడితే దానికీ అదే గతి.

వరంగల్, హన్మకొండ, కాజీపేట లోపలే తిరిగే చిన్న సరుకు బండి కొనాలనుకునేవాళ్లకు, దారిలో గ్యాస్ బంకు ఉంటే, నేను సీఎన్‌జీయే చెబుతాను. కొన్ని డీజిల్ బండ్లలోలా పొగలో చల్లే యూరియా నీళ్లు పోయాల్సిన పని లేదు, మసి ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేసుకునే తంటా లేదు. త్రీ-వే క్యాటలిస్ట్ సుమారు 250 నుంచి 300 డిగ్రీలకు చేరితే పని మొదలుపెడుతుంది. ఈ ఇంజిన్ల పొగ ఆ వేడిని త్వరగానే అందుకుంటుంది. ఇలాంటి తిరుగుడులో డీజిల్ బండి పొగ చల్లగా ఉండిపోతుంది.

చిన్న డీజిల్ కార్లు: ఎల్‌ఎన్‌టీయా, ఎస్‌సీఆరా?

డీజిల్ ఇంజిన్ ఎప్పుడూ అవసరానికి మించిన గాలితో నడుస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలే ఉంటుంది కాబట్టి త్రీ-వే క్యాటలిస్ట్ దానికి పనికిరాదు. మిగిలినవి రెండు దారులు: ఎల్‌ఎన్‌టీ, యూరియా నీళ్లు వాడే ఎస్‌సీఆర్. మొదటిది ఎల్‌ఎన్‌టీ, అంటే నాక్స్‌ను పట్టి ఉంచే రకం. ఇందులోని బేరియం నాక్స్‌ను నైట్రేట్ రూపంలో పట్టుకుంటుంది. గుమ్మిలో వడ్లు పోసినట్టు నిండేదాకా దాస్తుంది, నిండాక ఖాళీ చేయాలి. అందుకోసం ఇంజిన్ కొన్ని క్షణాలు కావాలనే ఎక్కువ డీజిల్ వదులుతుంది. అప్పుడు బేరియం వదిలేసిన నాక్స్ రోడియం మీద నైట్రోజన్‌గా మారుతుంది.

యూరియా ట్యాంకు అక్కర్లేదు, చోటు తక్కువ పడుతుంది. చిన్న కార్లకు అది బాగుందనిపించింది కూడా అందుకే. చిక్కు గంధకంతో వస్తుంది. డీజిల్‌లో ఉన్న కొద్ది గంధకం కూడా బేరియాన్ని పట్టుకుని వదలదు. దాన్ని పోగొట్టాలంటే క్యాటలిస్ట్‌ను 650 డిగ్రీల వరకు వేడి చేయాలి. ఊళ్లో అయిదారు కిలోమీటర్లు వెళ్లి ఆగే కారుకు ఆ వేడి ఎప్పుడు రావాలి? 2023 ఏప్రిల్ నుంచి కార్లను ల్యాబులోనే కాక రోడ్డు మీద కూడా నడిపి కొలిచే ఆర్‌డీఈ నిబంధన వచ్చాక, కొన్ని చిన్న డీజిల్ కార్లు ఎల్‌ఎన్‌టీ వదిలి యూరియా వాడే ఎస్‌సీఆర్‌కు మారాయి. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ కారు చూస్తున్నవాళ్లు ఏ సంవత్సరం బండో, అందులో ఏ రకం ఉందో అడగాలి. హైదరాబాద్‌కు తరచుగా వెళ్లొచ్చేవాళ్లకు ఎల్‌ఎన్‌టీ కారుతో ఇబ్బంది తక్కువ. ఊళ్లోనే తిరిగేవాళ్లయితే అసలు డీజిల్ జోలికే వెళ్లకపోవడం మంచిది.

ఎస్‌సీఆర్‌లో మూడు రకాలు

లారీలు, బస్సులు, పెద్ద జనరేటర్లు, థర్మల్ స్టేషన్లు అన్నిటికీ చివరికి ఎస్‌సీఆరే దిక్కు. వేడి పొగలోకి యూరియా నీళ్లు చల్లుతారు. అది విడిపోయి అమ్మోనియా అవుతుంది. క్యాటలిస్ట్ మీద అమ్మోనియా, నాక్స్ కలిసి నైట్రోజన్, నీటి ఆవిరిగా మారిపోతాయి. సూత్రం ఒకటే అయినా ఆ దిమ్మకు పూసిన పూత ఏమిటన్న దాన్ని బట్టి దాని స్వభావం పూర్తిగా మారిపోతుంది.

పాతది, గట్టిది వెనేడియం రకం. టైటానియం ఆక్సైడ్ మీద వెనేడియం, టంగ్‌స్టన్ ఆక్సైడ్లు ఉంటాయి. దీన్ని 1970లలో జపాన్ వాళ్లు పవర్ స్టేషన్ల కోసం పనిలోకి తెచ్చారు. 300 నుంచి 400 డిగ్రీల మధ్య చక్కగా పనిచేస్తుంది. గంధకం దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు. ఖరీదైన లోహాలు లేవు కాబట్టి ధర కూడా తక్కువ. బలహీనతలు రెండు. 250 డిగ్రీల కిందకు వస్తే మందగిస్తుంది. 600 దాటితే టైటానియం ఆక్సైడ్ నిర్మాణమే మారిపోతుంది, వెనేడియం ఆవిరై పోవడం మొదలవుతుంది. బీఎస్ 6 (బండ్ల పొగకు ఇప్పుడున్న ప్రమాణం) లారీల్లో మసి ఫిల్టర్ ఉంటుంది. అందులో చేరిన మసిని కాల్చడానికి పొగను అప్పుడప్పుడూ 550 నుంచి 650 డిగ్రీల దాకా వేడెక్కిస్తారు. ఆ ఫిల్టర్ వెనకాల వెనేడియం దిమ్మ పెడితే ఎక్కువ కాలం మన్నదు. ఒక మాట గుర్తుంచుకోండి: వెనేడియం ఆక్సైడ్ దుమ్ము విషం. పాత దిమ్మలను పాత ఇనుము కొట్టుల్లో సుత్తితో పగలగొట్టడం చాలా ప్రమాదం, పిల్లల చేత అసలే చేయించకూడదు.

రెండోది రాగి జియోలైట్. బీఎస్ 6 అవసరాలకు సరిగ్గా సరిపోయేది ఇదే. జియోలైట్ అంటే సన్నని రంధ్రాలున్న అల్యూమినియం, సిలికాన్ స్ఫటికం. ఇప్పుడు వాడే చాబజైట్ రకంలో రంధ్రం వెడల్పు సుమారు 0.38 నానోమీటర్లే. అంత సన్నగా ఉండటం వల్ల డీజిల్ అణువులు లోపల దూరి పూడ్చలేవు, వేడి ఆవిరిలో స్ఫటికం తేలిగ్గా కూలిపోదు. పాత వెడల్పు రంధ్రాల జియోలైట్లు తట్టుకోలేని వేడిని కూడా ఇది తట్టుకుంటుంది. 2010 ప్రాంతంలో ఇది మార్కెట్లోకి రావడంతోనే లారీల ఎస్‌సీఆర్ తీరు మారింది. 200 డిగ్రీల దగ్గర్నుంచే చురుగ్గా పనిచేస్తుంది. కొంత అమ్మోనియాను తనలో దాచుకుంటుంది కూడా, కాబట్టి యూరియా చల్లడం కాసేపు ఆగినా నాక్స్ తగ్గుతూనే ఉంటుంది.

దీని శత్రువు గంధకం. అంతకుముందున్న బీఎస్ 4 డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల భాగాల్లో 50) వరకు ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 డీజిల్‌లో 10 పీపీఎం దాటకూడదు. ఆ శుభ్రమైన డీజిల్ వచ్చింది కాబట్టే ఈ రకం మన రోడ్ల మీద నడవగలుగుతోంది. హైవే పక్కన డబ్బాల్లో, బిల్లు లేకుండా తక్కువ ధరకు అమ్మే ‘బయోడీజిల్’ పోయించుకుంటే లీటరుకు మిగిలేది కొన్ని రూపాయలు, పోయేది వేలల్లో విలువ చేసే దిమ్మ. గంధకం పట్టినా 500 డిగ్రీలకు పైన వేడి చేస్తే చాలావరకు కోలుకుంటుంది. కానీ కల్తీ నూనెలోని సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్ పట్టుకుంటే వదలవు. ఇంజిన్ ఆయిల్ కూడా కంపెనీ చెప్పిన తక్కువ బూడిద రకమే వాడాలి. అందులో ఎక్కువయ్యే ఫాస్ఫరస్ చేరేది ఇక్కడికే.

మూడోది ఇనుము జియోలైట్. 350 నుంచి 600 డిగ్రీల దాకా, ఎక్కువ వేడి దగ్గర ఇది రాగికంటే మెరుగు. నైట్రస్ ఆక్సైడ్ అనే వాతావరణాన్ని వేడెక్కించే వాయువును కూడా తక్కువగా పుట్టిస్తుంది. తక్కువ వేడి దగ్గర మాత్రం వెనకబడుతుంది. పొగలోని నాక్స్‌లో నైట్రోజన్ డయాక్సైడ్ సగం దాకా ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది. కొన్ని చోట్ల ముందు ఇనుము, వెనక రాగి పెట్టి రెండింటి మేలూ రాబడతారు. రోజంతా నిండు లోడు మీద నడిచే ఇంజిన్‌కే ఇది తగినది.

ఇంకా మాంగనీస్, సీరియం ఆక్సైడ్లతో 100 నుంచి 200 డిగ్రీల దగ్గరే పనిచేసే రకాల మీద పరిశోధనలు బాగా సాగుతున్నాయి. నీటి ఆవిరి, గంధకం రెండూ వాటిని త్వరగా దెబ్బతీస్తున్నాయి. కొనేవాళ్లు ఇప్పుడే వాటి గురించి ఆలోచించాల్సిన పని లేదు.

మీ బండికి ఏది?

కరీంనగర్ నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ దిమ్మలు మోసే లారీ పొగ చాలాసేపు 300 డిగ్రీలకు పైనే ఉంటుంది. దానికి ఏ ఎస్‌సీఆర్ అయినా బాగానే పనిచేస్తుంది. అక్కడ చూడాల్సింది యూరియా ఖర్చు, దిమ్మ ఎంతకాలం మన్నుతుంది అన్నవే. వందల లీటర్ల డీజిల్ తాగే బండి కాబట్టి డీజిల్‌లో మూడు నుంచి ఆరు శాతం వరకు యూరియా నీళ్లకు లెక్క వేసుకోవాలి.

స్కూల్ బస్సు సంగతి వేరు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, వీధి వీధికీ ఆగుతూ నడుస్తుంది. పొగ 200 డిగ్రీలు దాటని సమయమే ఎక్కువ. ఆ వేడి రాకపోతే కంప్యూటర్ యూరియా చల్లనే చల్లదు. చల్లితే అది విడిపోక పైపులో తెల్లగా గడ్డకడుతుంది. అంటే బీఎస్ 6 స్టిక్కర్ ఉన్నా ఆ సమయంలో నాక్స్ నేరుగా బయటికి పోతుంది, అదీ పిల్లలు నిలబడే చోట. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారిలో గంటల తరబడి పాకే బస్సులకూ ఇదే ఇబ్బంది. ఇలాంటి పనికి బండి కొంటుంటే రాగి జియోలైట్ ఉన్నదే తీసుకోండి. క్యాటలిస్ట్ డబ్బా ఇంజిన్‌కు దగ్గరగా ఉందా, మధ్యలో పైపుకు వేడి పోకుండా చుట్టు కట్టారా అని కిందికి వంగి చూడండి. వారానికి ఒకసారి హైవే మీద అరగంట నడిపిస్తే మసి ఫిల్టర్‌కూ మంచిది, గడ్డకట్టిన యూరియా కూడా కరుగుతుంది.

యూరియా నీళ్ల సంగతి

డీఈఎఫ్ అన్నా, యాడ్‌బ్లూ అన్నా అది 32.5 శాతం యూరియా, మిగతా అంతా ఖనిజాలు తీసేసిన నీళ్లు. మన పక్కనే రామగుండంలో యూరియా ఫ్యాక్టరీ ఉంది, బస్తా యూరియా తక్కువకు వస్తుంది, బోరు నీళ్లలో కలిపేస్తే అయిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పొలానికి వేసే యూరియాకు వేప నూనె పూత ఉంటుంది. 2015 నుంచి అది తప్పనిసరి. ఆ పూత, యూరియాలోని బైయురెట్ అనే మలినం, మన బోరు నీళ్లలోని కాల్షియం అన్నీ వెళ్లి సన్నని ఇంజెక్టర్ రంధ్రాల్లో, క్యాటలిస్ట్ మీద పేరుకుంటాయి. పైగా అది రైతుకు సబ్సిడీ మీద ఇచ్చే ఎరువు. దాన్ని పక్కదారి పట్టించడం నేరం. సొసైటీల ముందు చెప్పులు వరస పెట్టి రైతులు ఎదురుచూసే వానాకాలంలో ఒక బస్తా లారీ ట్యాంకులోకి పోవడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

కొన్న డబ్బా కూడా ఎండలో పెట్టకూడదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 25 డిగ్రీల లోపు నిల్వ ఉంచితే పద్దెనిమిది నెలలు, 30 డిగ్రీల దగ్గర ఏడాది, 35 దగ్గర ఆరు నెలలే మన్నుతుంది. రామగుండం, మంచిర్యాల ఎండాకాలంలో 45 డిగ్రీలు చూస్తాయి. రేకుల షెడ్డులో డబ్బా లోపల వేడి ఇంకా ఎక్కువ. తయారీ తేదీ చూడండి, నీడలో ఉంచిన షాపులోనే కొనండి, రెండు నెలల అవసరానికి మించి దాచకండి. యూరియా గాఢత చూపే చిన్న రిఫ్రాక్టోమీటర్ ఒకటి కొనుక్కుంటే లారీల యజమానికి ఖర్చు త్వరగానే తిరిగి వస్తుంది. అయితే అది శాతం చెబుతుంది, మలినాలు చెప్పదు.

రైస్ మిల్లు జనరేటర్

2023 జూలై 1 నుంచి 800 కిలోవాట్ల వరకు ఉన్న కొత్త జనరేటర్లకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సీపీసీబీ 4 ప్లస్ నిబంధన వచ్చింది. ఇంజిన్ శక్తి 56 నుంచి 560 కిలోవాట్ల మధ్య ఉంటే నాక్స్ ప్రతి కిలోవాట్ అవర్‌కు 0.40 గ్రాములు దాటకూడదు. అంత తక్కువకు రావాలంటే ఎస్‌సీఆర్ తప్పదు. 19 నుంచి 56 కిలోవాట్ల మధ్య అయితే నాక్స్, హైడ్రోకార్బన్లు కలిపి 4.7 గ్రాముల దాకా అనుమతి. ఆ పరిధిలో యూరియా లేకుండానే, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ పద్ధతితో గట్టెక్కవచ్చు.

మిల్లు యజమానులు ఎక్కువగా తప్పేది సైజు దగ్గరే. ‘ఎందుకైనా మంచిది’ అని అవసరానికి రెట్టింపు సెట్టు కొంటారు. అది ఇరవై, ముప్పై శాతం లోడు మీద నడుస్తుంది. పొగ చల్లగా ఉంటుంది, యూరియా గడ్డకడుతుంది, ఫిల్టర్ మసితో నిండుతుంది, ఆపరేటర్‌కు టెన్షన్. మోటార్లన్నీ ఒకేసారి స్టార్ట్ చేయకుండా ఒకదాని తర్వాత ఒకటి వేసే ఏర్పాటు చేసుకుని, అరవై నుంచి ఎనభై శాతం లోడు మీద నడిచే సెట్టు కొంటే క్యాటలిస్ట్ తన పని తాను చేసుకుంటుంది. పాత జనరేటర్‌కు ఆర్‌ఈసీడీ అనే పొగ శుద్ధి పరికరం పెట్టించండి, నాక్స్ సమస్య కూడా తీరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పరికరానికి సర్టిఫికెట్ ఇచ్చేది మసి, ధూళి కణాలను కనీసం 70 శాతం పట్టుకుంటుందని. నాక్స్ దాని పని కాదు.

థర్మల్ స్టేషన్ల దగ్గర

ఇది మనం కొనేది కాదు కానీ ఆ పొగ మనదే. 2004 నుంచి 2016 చివరి వరకు మొదలైన యూనిట్లకు నాక్స్ పరిమితి ఘనపు మీటరుకు 450 మిల్లీగ్రాములు. మొదట 300 పెట్టి, తర్వాత సడలించారు. చెల్పూరులోని కాకతీయ థర్మల్ రెండు యూనిట్లూ ఈ కోవలోకే వస్తాయి. బర్నర్లు, గాలి సర్దుబాటుతో అక్కడికి చేరవచ్చు. 2017 జనవరి నుంచి వచ్చిన యూనిట్లకు 100 మిల్లీగ్రాములే. రామగుండంలో కొత్తగా కట్టిన రెండు 800 మెగావాట్ల యూనిట్లు ఆ తరగతివి. అంత కిందికి రావడానికి గట్టి దారి ఎస్‌సీఆరే.

ఇక్కడ జియోలైట్ ఊసే వద్దు, వెనేడియం రకమే తగినది. బాయిలర్‌లో పొగ వేడితో నీళ్లు కాచే ఎకనమైజర్ దాటాక పొగ 300 నుంచి 400 డిగ్రీల మధ్య ఉంటుంది, దానికి కావాల్సింది సరిగ్గా అదే. కష్టమంతా బూడిదతో. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం, అదీ ఇసుకలా గరుకైనది. సన్నని గళ్ల తేనెపట్టు దిమ్మ అయితే పూడుకుపోతుంది, అంచులు అరిగిపోతాయి. స్టీలు జాలీ మీద పూత పూసిన పలకల రకంలో తగిలే ఉపరితలం తక్కువైనా బూడిద జారిపోతుంది. నన్నడిగితే మన బొగ్గుకు పలకల రకమే, లేదంటే గళ్లు బాగా వెడల్పుగా ఉండి ముందు అంచులు గట్టిపరిచిన తేనెపట్టు. వెనేడియం శాతం పెంచితే నాక్స్ ఇంకా తగ్గుతుందని ఆశపడకూడదు. అది గంధక డయాక్సైడ్‌ను ట్రయాక్సైడ్‌గా మారుస్తుంది. మిగిలిన అమ్మోనియాతో కలిసి అది బాయిలర్‌లోకి వెళ్లే గాలిని వేడిచేసే ఎయిర్ ప్రీహీటర్‌కు జిగురులా అంటుకుంటుంది. అమ్మోనియా ఎక్కువ మిగిలితే బూడిదలోకీ చేరుతుంది. ఆ బూడిదతో ఇటుకలు చేసే కూలీలకు ముందుగా తెలిసేది ఆ ఘాటు వాసనే. కాబట్టి జారిపోయే అమ్మోనియా రెండు, మూడు పీపీఎం దాటకుండా చూడటం నాక్స్ తగ్గించడమంత ముఖ్యం.

మార్చాల్సి వచ్చినప్పుడు

డ్యాష్‌బోర్డులో లైటు వెలిగి బండి పికప్ తగ్గగానే క్యాటలిస్ట్ పోయిందని తేల్చేయకండి. ముందు డీఈఎఫ్ నాణ్యత, తర్వాత ఇంజెక్టర్‌లో గడ్డలు, ఆపైన నాక్స్ సెన్సార్లు చూపించండి. వీటిలో ఏదో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ. ఇవన్నీ బాగుంటేనే దిమ్మ సంగతి. అప్పుడు కూడా ఎక్కువ వేడిలో గంధకం పోగొట్టి చూశారా అని అడగండి. సగం ధరకు దొరికే డూప్లికేట్ డబ్బాల్లో పూత పలుచగా ఉండొచ్చు, లోపల ఏమీ లేకపోవచ్చు. పైనుంచి చూస్తే తేడా తెలియదు.

యూరియా అక్కర్లేకుండా చేస్తామని కంప్యూటర్‌ను మభ్యపెట్టే పెట్టె బిగించేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బీఎస్ 4 లారీకి ప్రతి కిలోవాట్ అవర్‌కు 3.5 గ్రాములున్న నాక్స్ పరిమితి బీఎస్ 6లో 0.46 గ్రాములకు దిగింది. ఆ పెట్టె బిగించిన రోజే ఈ తేడా అంతా గాలిలోకి పోతుంది.

కొత్తది కొంటున్నా, మారుస్తున్నా డీలర్‌ను ఈ మాటలు కాగితం మీద రాసిమ్మనండి: పూత వెనేడియమా, రాగా, ఇనుమా, ఎన్ని డిగ్రీల దగ్గర యూరియా చల్లడం మొదలవుతుంది, గంధకం పోగొట్టే పద్ధతి ఉందా, మీరు నడిపే లోడు దగ్గర పొగ వేడి ఎంత. చివరి దానికి జవాబు రాకపోతే మీ దగ్గర్లోనే, మీలాంటి పనే చేసే బండి లేదా మిల్లు అడ్రసు అడిగి, వెళ్లి వాళ్ల యూరియా బిల్లులూ సర్వీసు పుస్తకమూ చూసి రండి.